ప్యాంటా, స్కర్టా: నెల్లూరు స్టూడియోలో గంటసేపు జరిగిన గొడవ

మన ఊళ్లోనే ఒక ప్రైవేటు స్కూలు, జూన్ 12న బడి తెరిచే రోజు నుంచి ఆరో తరగతి, ఆ పైన చదివే అమ్మాయిలంతా స్కర్టు మానేసి ప్యాంటూ షర్టే వేసుకోవాలని వాట్సాప్‌లో సర్క్యులర్ పెట్టింది. పేరెంట్స్ గ్రూపు రెండు రోజులు నిద్రపోలేదు. మూడో రోజు సాయంత్రం లోకల్ కేబుల్‌లో ఈ చర్చ పెట్టారు. విన్నది విన్నట్టు టైపు చేశాను. నలుగురూ ఒక్కసారే అరిచిన చోట ఎవరిదీ అర్థం కాలేదు, వదిలేశాను. పేర్లు తీసేశాను, స్కూలు పేరు వాళ్లూ చెప్పలేదు.

యాంకర్: నమస్తే. అమ్మాయిలకి స్కర్టు వద్దు, ప్యాంటే కావాలి అనడం న్యాయమా? దీని వెనక ఇంకేమన్నా ఉందా? యూనిఫాం మారిందంటే ఎవరో ఒకరి షాపు నిండుతుంది కదా, ఆ కోణం కూడా చూద్దాం. ఇవాళ రెండు వైపులా సమానంగా టైమ్ ఇస్తాం, ముందే మాటిస్తున్నా. లాయర్ గారూ, మీతో మొదలుపెడదాం.

లాయర్: ఒక్క నిమిషంలో ముగిస్తా. (ఆరు నిమిషాలు. గడియారం చూసే చెప్తున్నా.) నేను రోజూ ట్రంక్ రోడ్డు మీద కోర్టుకి పోతా. స్కూలు ఆటోలు చూస్తా. ఒక్కో ఆటోలో పదిమంది. డ్రైవరు పక్కన కూడా ఆడపిల్లని కూర్చోబెడతాడు. ఆ పిల్ల ఒక చేత్తో బ్యాగు పట్టుకుంటుంది, ఇంకో చేత్తో స్కర్టు ఎగరకుండా పట్టుకుంటుంది. మరి ఆటో కమ్మీ పట్టుకునేదానికి మూడో చెయ్యి యాడిది? చెప్పండి నాకు. సైకిలు తొక్కాలన్నా ఇదే బాధ, కబడ్డీ ఆడాలన్నా ఇదే బాధ. మెట్లెక్కేటప్పుడు కింద ఎవరున్నారో చూసుకుంటా ఎక్కాలి. ఈ టెన్షన్ మగపిల్లకాయలకి ఉందా? లేదు. అందుకని ప్యాంటే. రూలు పెట్టాల్సిందే. ఇష్టమున్న వాళ్లు వేసుకోండి అంటే ఎవరూ వేసుకోరు, నలుగురు వేసుకుంటే మిగతా వాళ్లు నవ్వుతారు, ఆ నలుగురూ మానేస్తారు. అందరికీ అంటేనే...

తల్లి (కోవూరు నుంచి వచ్చారు): సార్, నేను ఒక్క మాట...

లాయర్: ముగిస్తానమ్మా. కేరళలో ఎప్పుడో అయిపోయింది ఇది. ఎర్నాకుళం జిల్లా వలయన్‌చిరంగరలో ప్రైమరీ స్కూలు, 2018లోనే ఆడా మగా అందరికీ ముప్పావు నిక్కరు, షర్టు. 2021 డిసెంబరులో కోజికోడ్ దగ్గర బాలుశ్శేరి గర్ల్స్ హయ్యర్ సెకండరీలో ప్యాంటు, షర్టు. వాళ్లకేం కొంపలు మునిగాయా?

రిటైర్డ్ హెడ్‌మాస్టర్: మునగలేదు కానీ గొడవ జరిగిందయ్యా. బాలుశ్శేరిలో ముస్లిం సంఘాలు ధర్నా చేశాయి. ఆ తర్వాత ఏడాది ముఖ్యమంత్రే అసెంబ్లీలో చెప్పాడు, ఫలానా యూనిఫామే వేసుకోవాలని ప్రభుత్వం ఎవరి మీదా రుద్దదని. ఆ ప్రైమరీ స్కూల్లో కూడా తల్లిదండ్రుల కమిటీతో కూర్చుని మాట్లాడి పెట్టారు. వాట్సాప్‌లో పారేయలేదు.

యాంకర్: కేరళలో షాపులు ఎవరివి మాస్టారూ? అక్కడ కూడా ఏమన్నా కమీషన్...

మాస్టారు: నాకెట్టా తెలుస్తుందయ్యా.

తల్లి: ఇప్పుడన్నా చెప్పనివ్వండి. నేను ప్యాంటుకి వ్యతిరేకం కాదు. ఆటో గురించి లాయర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఏప్రిల్‌లోనే మా పాపకి రెండు జతలు కుట్టించా. స్కూలు వాళ్లు చెప్పిన రంగే, వాళ్లు చెప్పిన గళ్లే. ఇప్పుడు ఆ స్కర్టులు ఏం చేసేది? దిండు గలీబులు కుట్టుకునేదా?

యాంకర్: చూశారా! ఇదే నేను మొదటి నుంచీ అంటున్నా. ఆ కొత్త బట్ట ఏ షాపులో కొనమన్నారమ్మా?

తల్లి: షాపు సంగతి కాదు సార్ నేను చెప్పేది. అసలు మమ్మల్ని ఎవరడిగారు అని.

లాయర్: అన్నీ అడిగి చేస్తే ఏదీ జరగదమ్మా.

తల్లి: ఫీజు మాత్రం అడుగుతారు గదా.

(ఇక్కడ అందరూ ఒకేసారి. మాస్టారు నవ్వడం ఒక్కటే స్పష్టంగా వినపడింది.)

యాంకర్: మనతో స్టోన్‌హౌస్‌పేట నుంచి లేడీస్ టైలర్ ఉన్నారు. మేడం, చాలా ఏళ్ల నుంచి స్కూలు యూనిఫాంలు కుడుతున్నారు. మీరు చెప్పండి, ప్యాంటులో లాభం ఎక్కువా, స్కర్టులోనా?

టైలరమ్మ: లాభం సంగతి తర్వాత అన్నా. ముందు కొలత సంగతి చెప్తా. స్కర్టుకి ముఖ్యంగా నడుము, పొడుగు చూసుకుంటే చాలు. పిల్ల లావయితే హుక్కు ఒక అంగుళం జరుపుతా, పొడుగయితే కింద మడత విప్పుతా. ఒక్క స్కర్టు మూడేళ్లు లాగుతారు మనవాళ్లు. ప్యాంటుకి అట్టా కుదరదు. నడుము, సీటు, తొడ, కాలు, అన్నీ కావాల. పన్నెండు పదమూడేళ్ల పిల్లకి ఆరు నెలల్లో సీటు మారిపోతుంది. షాపులో రెడీమేడ్ తెచ్చిస్తారు, అది మగపిల్లకాయల కటింగు. ఆడపిల్లకి నడుము సరిపోతే సీటు పట్టేస్తుంది, సీటు సరిపోతే నడుము దగ్గర నాలుగు వేళ్లు దూరుతాయి. ఇంక ఆ పిల్ల రోజంతా షర్టు కిందికి లాక్కుంటా ఉంటుంది. స్కర్టు పట్టుకునే చెయ్యి షర్టు పట్టుకుంటుంది, అంతే తేడా.

మాస్టారు: భలే చెప్పావమ్మా.

టైలరమ్మ: చేయలేమని కాదు. పట్టీకి రెండు పక్కలా ఎలాస్టిక్ వేసి, కుట్టు లోపల ఒకటిన్నర అంగుళం బట్ట వదిలితే రెండేళ్లు వస్తుంది. పైన లాంగ్ టాప్ ఇచ్చినా సరిపోతుంది. బట్ట కూడా స్కర్టుకే ఎక్కువ పడుతుంది, చాలామందికి తెలీదు. బాక్సు ప్లీట్లు నిండుగా పెట్టాలంటే నడుముకి మూడింతలు బట్ట కావాల. నడుము 24 అంగుళాలుంటే 72 అంగుళాల చుట్టు. కుట్టుకూలి మాత్రం ప్యాంటుకే ఎక్కువ. గవర్నమెంటు వాళ్లు కిట్టులో మూడు జతల బట్ట ఇస్తారు కదా, ఎనిమిదో తరగతి దాకా జతకి 40 రూపాయలు, తొమ్మిది పదికి 80 లెక్కన కుట్టుకూలి ఇచ్చారు. 40 రూపాయలకి ఎవరన్నా ప్యాంటూ షర్టూ కుడతారా? దారం, గుండీలు, జిప్పు నావే...

లాయర్: అమ్మా, మనం మాట్లాడేది ప్రైవేటు స్కూలు గురించి, గవర్నమెంటు సంగతి ఎందుకు? పాయింటుకి రండి. పాయింటు ఏంది? భద్రత! ఎలాస్టిక్ కాదు. ఆటోలో ఆ పిల్ల ఒక చేత్తో బ్యాగు...

తల్లి: ఇందాక చెప్పారు సార్ అది.

లాయర్: మళ్లీ చెప్తా. పదిసార్లు చెప్తా. మూడో చెయ్యి యాడిది?

యాంకర్: బలమైన పాయింట్. చిన్న బ్రేక్.

(బ్రేక్‌లో మలైకాజా ప్రకటన రెండుసార్లు వచ్చింది.)

యాంకర్: మాస్టారూ, మీరు ముప్పై ఏళ్లకి పైగా హైస్కూళ్లలో పని చేశారు. షాపుల ఒత్తిడి అప్పట్లో ఉండేదా?

మాస్టారు: అప్పట్లో షాపులు కాదయ్యా, అసలు యూనిఫామే అంతంతమాత్రం. పరికిణీలు, పైతరగతులకి వస్తే లంగా ఓణీలు. ఓణీ వేసుకునే రింగాట ఆడేవాళ్లు, కొంగు నడుముకి దోపుకుని. తర్వాత చుడీదార్లు వచ్చాయి. చుడీదారు వచ్చినప్పుడు కూడా ఇంతే గోల, పిల్లలు చెడిపోతారని. ఇప్పుడు అదే చుడీదారు పద్ధతైన బట్ట అయింది. మన నెల్లూరులో పొణకా కనకమ్మ గారు 1923లో కస్తూరిదేవి విద్యాలయం పెట్టినప్పుడు ఆడపిల్లని బడికి పంపడమే వింత. ఏం కట్టుకుని వచ్చిందని కాదు, వచ్చిందా లేదా అని చూశారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారంటే రాత్రిబడిలో చదువుకున్న పాఠం...

లాయర్: మాస్టారూ, సారా యాడ్నుంచి వచ్చింది ఇందులోకి?

మాస్టారు: ఆడవాళ్లని అడక్కుండా ఈ జిల్లాలో ఏదీ నడవదని చెప్తున్నా. ఇంగ్లాండులో లూయిస్ అనే ఊరుంది. అక్కడ ప్రయరీ స్కూలు వాళ్లు 2017లో కొత్తగా చేరే పిల్లలకి ప్యాంటే అన్నారు. 2019 సెప్టెంబరులో అందరికీ అదే అనేసరికి అమ్మాయిలు స్కర్టులు వేసుకుని గేటు బయట నిలబడ్డారు, లోపలికి రానివ్వలేదు, పోలీసులు కూడా వచ్చారు. ఇంతకుముందే కొన్న స్కర్టు ఇప్పుడు పారేయమంటారా అని అక్కడా తల్లిదండ్రులు అడిగారు. మనమ్మ అడిగిందే.

లాయర్: ఇంగ్లాండు సంగతి మనకెందుకు? వాళ్లది చలి, మనది ఎండ.

టైలరమ్మ: ఎండ అన్నారు కాబట్టి అడుగుతున్నా. రోహిణి కార్తె ఎండలో టెరీకాటన్ ప్యాంటు ఎవరన్నా వేసి చూశారా? మీరేసుకున్నది కాటన్ సార్, నేను వచ్చేటప్పుడే చూశా.

(లాయర్ గారు తన ప్యాంటు వంక చూసుకున్నారు. ఒక్క సెకనే.)

లాయర్: బట్ట మార్చమని అడుగుదాం, తప్పేం లేదు. కానీ సూత్రం ముఖ్యం. కర్ణాటకలో 2022లో హిజాబ్ కేసు తీసుకోండి, సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జిలు చెరో తీర్పు ఇచ్చారు. అంటే యూనిఫాం విషయం ఎంత...

యాంకర్: అటు వద్దు సార్, దయచేసి. ఫోన్‌లో కావలి నుంచి ఒకరున్నారు. చెప్పండి.

కాలర్: హలో, నా మాట వినపడతా ఉందా? సార్, ప్యాంటయినా స్కర్టయినా ఏదో ఒకటి వేస్తాం, మాకు బస్సు ఫీజు గురించి ఎవరూ మాట్లాడరేంది? టై అంటారు, బెల్టు అంటారు, శనివారం తెల్లబూట్లు అంటారు...

యాంకర్: బెల్టు, బూట్లు కూడా ఒకే షాపులోనా సార్?

కాలర్: అవును సార్, ఒకే షాపు.

యాంకర్: అదీ! ప్రేక్షకులు గమనించాలి.

(ఇక్కడ పది నిమిషాలు బూట్ల మీద నడిచింది. నేను టైపు చేయలేదు. మధ్యలో లాయర్ గారు మూడో చెయ్యి ఇంకోసారి అడిగారు.)

తల్లి: సార్, మా పాపని పిలిపించారు, పొద్దున్నుంచి నేర్చుకుంది ఏం చెప్పాలో. ఒక్కసారన్నా మైకు ఇవ్వండి.

యాంకర్: తప్పకుండా. చెప్పమ్మా, ఏ క్లాసు?

విద్యార్థిని: తొమ్మిది సార్. నాకు ప్యాంటు ఇష్టమే. సైకిల్ మీద పోతా కాబట్టి...

లాయర్: చూశారా! పిల్లే చెప్పేసింది.

విద్యార్థిని: ఇంకా ఉంది అంకుల్. మా బాత్రూములో నేలంతా తడిగా ఉంటుంది. తలుపుకి మేకు కూడా లేదు, దేనికీ తగిలించలేం. ప్యాంటయితే కాళ్లు పైకి మడుచుకుని, చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో గడియ పట్టుకోవాలి, గడియ సరిగా పడదు. ఆ అయిదు రోజులూ అయితే ఇంకా కష్టం. స్కర్టయితే ఈజీ. కానీ స్కర్టయితే మరక పడుతుందేమోనని బెంచీ మీద నుంచి లేవం. అందుకని రెండూ ఉంచి, ఏ రోజు ఏది కావాలంటే అది...

(స్టూడియోలో ఎవరూ మాట్లాడలేదు. ఈ గంటలో ఎవరూ అడ్డం పడనిది ఇదొక్కసారే.)

లాయర్: బంగారు తల్లి, బాగా చెప్పావు. అయితే బాత్రూము వేరే సబ్జెక్టు. దాని మీద ఇంకో ప్రోగ్రాం పెడదాం, నేనే వస్తా. ఇవాళ్టి సబ్జెక్టు భద్రత. రెండూ పెట్టండి అంటే క్రమశిక్షణ ఉండదు. ఒక క్లాసులో సగం ఇటు, సగం అటు, అది యూనిఫాం ఎట్టా అవుతుంది?

టైలరమ్మ: ఒకే గుడ్డతో రెండూ కుట్టొచ్చు సార్, రంగు ఒకటే కదా.

లాయర్: అమ్మా, మీరు కుట్టుపని కోణంలో చూస్తున్నారు.

టైలరమ్మ: కుట్టేది నేనే కదా సార్.

మాస్టారు: గడియ సంగతి ముందు చూడండయ్యా. రెండు మేకులు, ఒక గడియ, వంద రూపాయలు కాదు. నేను హెడ్‌మాస్టరుగా ఉన్నప్పుడు ఈ ముక్క నాకు ఒక్క పిల్లా చెప్పలేదు. నేనూ అడగలేదు, అది వేరే విషయం.

యాంకర్: టైమ్ అయిపోతోంది. ఇంకో పది సెకన్లు ఉంది, అమ్మాయితోనే ముగిద్దాం. చెప్పమ్మా...

లాయర్: ఆ పాప తరఫున నేను ఒక్క వాక్యం. ప్యాంటు అంటే స్వేచ్ఛ. స్కూలు వాళ్లని అభినందించాలి, తల్లిదండ్రులు సహకరించాలి. నేను ఎవరి మీదా రుద్దడం లేదు, తప్పనిసరి చేయమంటున్నానంతే.

యాంకర్: చక్కగా ముగించారు. రెండు వైపుల వాదనా సమానంగా విన్నాం. షాపు ఎవరిదన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది, దాన్ని మనం వదలం.

(కింద స్క్రోలింగులో "ప్రేక్షకులు ప్యాంటు వైపే" అని వేశారు. ఎంతమంది ఫోన్ చేశారో వేయలేదు, నాకు తెలిసి ఆ కావలి ఆయన ఒక్కడే. మ్యూజిక్ మొదలైనా మైకులు తీయలేదు, ఈ రెండు ముక్కలు వినపడ్డాయి.)

లాయర్: అమ్మా, మా పాపకి కూడా మీరు చెప్పినట్టే, నడుము లూజు, వెనక టైటు. మీ షాపు స్టోన్‌హౌస్‌పేటలో యాడ?

టైలరమ్మ: పిల్లని తీసుకొచ్చి చూపించండి సార్. జూన్ అయిదు దాటితే మాత్రం బడి తెరిచే లోపల ఇవ్వలేను, ఇప్పుడే చెప్తున్నా.