"మా కూలి ఎక్కడ రాశారు, టీచర్?"

సభలోని పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, వెనక వరుసల్లో ఓపికగా కూర్చున్న పిల్లలకు నమస్కారం. అధ్యక్షుల వారు నా గురించి చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞతలు. ఇచ్చింది ఇరవై నిమిషాలే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

ప్రభుత్వ బడుల్లో వ్యాపార విద్యను విస్తరించడం గురించి మాట్లాడమన్నారు. ఈ మాట వినగానే టీచర్లకు టెన్షన్ మొదలవుతుంది. ఉన్న సిలబస్‌కే టైం చాలడం లేదు, ఇంకో సబ్జెక్టా అంటారు. తల్లిదండ్రుల భయం వేరు. చదువుకోమని బడికి పంపితే బేరాలు నేర్పుతారా అంటారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. నేనూ ఒకప్పుడు అడిగినవే.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. జూనియర్ అచీవ్‌మెంట్ అనే సంస్థ 1919లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మొదలైంది. పిల్లలు బడి అయ్యాక క్లబ్బుల్లో చేరి, ఏదో ఒక వస్తువు తయారు చేసి, అమ్మి, లెక్కలు రాసేవారు. తర్వాత స్టీవ్ మారియొట్టి కథ. ఆయన వ్యాపారం వదిలి 1982లో న్యూయార్క్ ప్రభుత్వ బడుల్లో టీచర్‌గా చేరాడు. క్లాసు అదుపులో ఉండేది కాదు. ఒకరోజు చేతి గడియారం తీసి, దాన్ని పిల్లలకే అమ్ముతున్నట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు. అంతవరకు గోల చేసినవాళ్ళు చెవులు రిక్కించారు. 1987లో ఆయన పెట్టిన, పిల్లలకు వ్యాపారం నేర్పే ఎన్‌ఎఫ్‌టీఈ సంస్థ పేద పిల్లలున్న బడుల కోసమే పుట్టింది.

ఇంకా చాలా దేశాల సంగతులు రాసుకొచ్చాను. అవి కాసేపు పక్కన పెడతాను. మా క్లాసులో జరిగింది చెప్పకుండా నేను ముందుకు పోలేను.

నేను ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే రోజులవి. ఏడాది చివర పిల్లల నోటు పుస్తకాల్లో సగం పేజీలు ఖాళీగా మిగిలిపోయేవి. ఆ కాగితాలు విప్పి, అట్ట వేసి, కొత్త పుస్తకాలు కుట్టి కింది తరగతుల పిల్లలకు అమ్ముదామన్నారు మా పిల్లలు. సరేనన్నాను. నలుగురు తలా కొంచెం వేసుకుని దారం, సూదులు, అట్టలు కొన్నారు. వారం తర్వాత లెక్క బోర్డు మీద వేశాం. ఒకవైపు అమ్మకాలు, ఇంకోవైపు ఖర్చులు. మిగిలిన దాని పక్కన పెద్ద అక్షరాలతో 'లాభం' అని రాశాను. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

ఒక అమ్మాయి మాత్రం కొట్టలేదు. అందరికంటే ఎక్కువ పుస్తకాలు కుట్టింది ఆ అమ్మాయే. లేచి నిలబడి అడిగింది: "మా కూలి ఎక్కడ రాశారు, టీచర్?"

"అది మీ సొంత పనే కదమ్మా" అనబోయి ఆగిపోయాను. మా ఇంట్లో మా అమ్మ పనికీ ఇదే జవాబు వినిపించేది. నా నోటా అదే మాట రాబోయింది.

చాక్‌పీసు ఆ అమ్మాయి చేతికే ఇచ్చాను. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో రాయించింది. గంటకు అతి తక్కువ కూలి వేసినా మా లాభం కాస్తా నష్టమైంది. క్లాసంతా నిశ్శబ్దం. ఆ తర్వాత ఒకటే వాదన. రేటు పెంచుదామని ఒకరు. పెంచితే చిన్నపిల్లలు కొనరని ఇంకొకరు. చివరికి ఒకరు కాగితాలు సర్దాలి, ఒకరు అట్ట కోయాలి, ఒకరు కుట్టాలి అని పని పంచుకున్నారు. ఒక్కో పుస్తకానికి పట్టే సమయం సగానికి తగ్గింది. ఉత్పత్తి, శ్రమ విభజన, గిట్టుబాటు ధర. ఈ మాటలేవీ నేను చెప్పలేదు. పని అయ్యాక పేర్లు మాత్రం చెప్పాను.

మర్నాడు ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. వాళ్ళమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది. రాత్రి కూర్చుని దారం, కరెంటు, మిషను రిపేరు, పట్టిన గంటలు అన్నీ లెక్క వేసిందట. "మా అమ్మ దారం ఖర్చు కూడా ఎప్పుడూ కలుపుకోలేదు టీచర్. ఇంట్లో కూర్చుని చేసే పనికి కూలేంటే అంది." ఆ తల్లి రేట్లు పెంచడానికి నెల పట్టింది. ఇద్దరు ముగ్గురు మానేశారు, మిగతావాళ్ళు ఇచ్చారు.

అయ్యా, అమ్మా, వ్యాపార విద్య అని నేను అడుగుతున్నది ఇదే. వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన పిల్లలు పెట్టుబడి, బాకీ, వడ్డీ, నష్టం అనే మాటలు అన్నం తింటూ వింటారు. వాళ్ళకు ఇల్లే బడి. కూలికి వెళ్ళే ఇంటి పిల్లలకు ఆ లెక్క చూపించేది ఎవరు? బడి చూపించకపోతే అప్పు ఇచ్చినవాడు చూపిస్తాడు. వాడు తన వైపు లెక్క మాత్రమే చూపిస్తాడు.

ఇక్కడున్న టీచర్లు ఒక్కసారి చేతులెత్తండి. మీలో ఎంతమంది చక్రవడ్డీ సూత్రం చెప్పారు? దాదాపు అందరూ. ఎంతమంది నిజమైన అప్పు పత్రం క్లాసులో చదివించారు? సరే, దించండి. నేనూ చాలా ఏళ్ళు చదివించలేదు.

ఇక ఫలితాల సంగతి. ఈ పాఠాలు పెట్టగానే పిల్లలంతా కంపెనీలు పెడతారని చెప్పేవాళ్ళను నమ్మకండి. నెదర్లాండ్స్‌లో ఒక వృత్తి విద్యా కళాశాలలో విద్యార్థుల చేత చిన్న కంపెనీలు నడిపించే కార్యక్రమం మీద చేసిన పరిశోధన 2010లో వచ్చింది. సొంత వ్యాపారం పెట్టాలనే కోరిక విద్యార్థుల్లో తగ్గింది, నైపుణ్యాలూ చెప్పుకోదగ్గంత పెరగలేదు. అదే దేశంలో 11, 12 ఏళ్ళ పిల్లల మీద జరిగిన పరిశోధన 2014లో వచ్చింది. అందులో వ్యాపార జ్ఞానం పెద్దగా పెరగలేదు కానీ, పట్టుదల, చొరవ వంటి గుణాలు పెరిగాయి. అంటే చిన్న వయసులోనే మొదలుపెట్టాలని నాకు అనిపిస్తుంది. ఇంకో మాట. వ్యాపారం ఎంత కష్టమో తెలిసి ఒక పిల్లవాడు వద్దనుకుంటే దాన్ని నేను ఓటమి అనను. అసలు తెలియక అప్పు చేసి దిగడం కంటే అది ఎంతో నయం.

ఫిన్లాండ్‌లో ఆరో తరగతి పిల్లల కోసం 2010 నుంచి ఒక కార్యక్రమం నడుస్తోంది. ముందు క్లాసులో పాఠాలు చెబుతారు. తర్వాత ఒక రోజు చిన్న నమూనా ఊరిలో పిల్లలు ఉద్యోగం చేసి, జీతం తీసుకుని, ఖర్చు పెడతారు. ఒకే పిల్లవాడు పనివాడూ అవుతాడు, కొనేవాడూ అవుతాడు. అన్ని వైపుల నుంచీ చూడటం నాకు నచ్చింది. మారియొట్టి గడియారం దగ్గర ఉన్నది అమ్మేవాడి వైపే. నాకు అంతటితో సరిపోదు.

టైం అయిపోతోందని అధ్యక్షుల వారు చూస్తున్నారు. ఇంకొక్క విషయం. ఇది చెప్పడానికే వచ్చాను.

మా పుస్తకాల పని మూడు నెలలు నడిచింది. తనిఖీకి వచ్చిన ఒక పెద్ద అధికారి పిల్లలు లెక్కలు రాసుకున్న రిజిస్టరు చూసి, బడిలో ఈ బేరాలేమిటని కోప్పడ్డారు. పని ఆపించారు. అక్కడితో ఆగలేదు. మిగిలిన డబ్బు బడి ఖాతాలో కలపమన్నారు. కూలి లెక్క వేసుకుని, పెట్టుబడి పోగా ఎవరి వాటా ఎంతో పిల్లలు అప్పటికే రాసుకున్నారు. నేను సంతకం పెట్టి కలిపేశాను. ఉద్యోగ భయం. "మా డబ్బు ఎప్పుడిస్తారు టీచర్?" అని వాళ్ళు వారం రోజులు అడిగారు. తర్వాత అడగడం మానేశారు. కష్టపడితే తమ వాటా తమకు వస్తుందని నేనే నేర్పాను. రాదని కూడా నేనే నేర్పినట్టయింది.

అందుకే ఈ సభలోని విద్యాశాఖ పెద్దలకు నా విన్నపం. కొత్త సబ్జెక్టు, కొత్త పరీక్ష వద్దు. లెక్కల పీరియడ్లలో వారానికి ఒకటి చాలు. పిల్లల చిన్న ప్రయత్నాలకు బడి తరఫున కొంత పెట్టుబడి ఇవ్వండి. అది పోయినా వాళ్ళను ఎవరూ తిట్టకూడదు, మార్కులు తగ్గించకూడదు. పిల్లలు సంపాదించింది పిల్లలదేనని, దాన్ని ఏ ఖాతాలోనూ కలపకూడదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. ఆ కాగితం చేతిలో ఉండి ఉంటే ఆ రోజు నేను సంతకం పెట్టేదాన్ని కాదు.

ఆ రిజిస్టరు నా దగ్గరే ఉంది. తెచ్చాను. ముందు వరుస నుంచి పంపుతున్నాను, చూసి పక్కవారికి ఇవ్వండి. పదకొండో పేజీలో వాటాల పట్టిక ఉంది, పన్నెండు నుంచి అన్నీ ఖాళీ. చివరి వరుసలో ఉన్న పిల్లలూ, మీరు చూశాక జాగ్రత్తగా తెచ్చి నాకివ్వండి. దాని సొంతదారులు వేరే ఉన్నారు.