ఎముక అతుకుతోందో లేదో ముందే చెప్పే పెప్టైడ్ ప్రోబ్‌లు

అందరికీ నమస్కారం. తాటిచెట్టు మీంచి జారిపడి తొడ ఎముక విరిగిన గీత కార్మికుడైనా, హైవే మీద బండి స్కిడ్ అయి కాలికి రాడ్డు వేయించుకున్న కుర్రాడైనా, శ్రీకాకుళంలో ఎముకల డాక్టరు దగ్గరికి రివ్యూకి వెళ్తే అడిగేది ఒక్కటే: "అతుకుతోందా సార్? కాలు కింద పెట్టొచ్చా?" డాక్టరు గారు ఎక్స్‌రే ఫిల్మ్‌ని వెలుతురుకి ఎత్తి చూస్తారు. విరిగిన చోట చుట్టూ పల్చగా తెల్లటి పొర కనిపిస్తే సరే, లేదంటే "ఇంకో నెల చూద్దాం" అంటారు. ఆ నెలంతా పని లేదు, కూలి లేదు, ఇంటిల్లిపాదికీ టెన్షన్.

ఎక్స్‌రేని తప్పుపట్టలేం, దానికి కనిపించేది ముఖ్యంగా కాల్షియం. విరిగిన చోట మొదట పుట్టేది మెత్తటి కణజాలం, అందులో ఖనిజం చేరడానికి వారాలు పడుతుంది కాబట్టి, లోపల పని జరుగుతోందో ఆగిపోయిందో తొలి రోజుల్లో ఫిల్మ్ మీద తెలియదు. పెప్టైడ్ ప్రోబ్‌ల అవసరం ఇక్కడే, అంటే ఒంట్లోకి పంపితే లోపల ఏం జరుగుతోందో చూపించే చిన్న అణువులు.

[స్క్రీన్ మీద: ఎనిమిది పూసల బొమ్మ, పక్కన ఎముక ఉపరితలం]

ప్రోటీన్‌ని పొడవాటి పూసలదండ అనుకుంటే పెప్టైడ్ అందులో చిన్న ముక్క, పూసలు అమైనో ఆమ్లాలు. అస్పార్టిక్ ఆమ్లాన్ని వరసగా ఎనిమిదిసార్లు గుచ్చారనుకోండి, దాని మీదున్న ఋణావేశం ఎముకలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది, అదీ ఎక్కువగా ఎముక అరుగుతున్న చోట. ఒక అస్పార్టిక్, రెండు సెరీన్‌లు, మళ్ళీ అదే వరస మొత్తం ఆరుసార్లు గుచ్చితే మాత్రం కొత్తగా ఎముక కడుతున్న చోటికి పోతుంది! వరస మారితే చేరే చోటే మారిపోతుంది, నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఇప్పుడు ఆ పెప్టైడ్‌కి ఒకవైపు మెరిసే రంగు, ఇంకోవైపు మందు తగిలిస్తారు. ఇంకా తెలివైన రకం ఉంది: ఎముకని కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు కెథెప్సిన్ కె అనే ఎంజైమ్ వదులుతాయి, ఆ ఎంజైమ్ పెప్టైడ్‌ని కత్తిరించేదాకా రంగు వెలగదు. అంటే వెలుగు కనిపించిందంటే అక్కడ ఎముక కరుగుతున్నట్టే.

మందుని గురిచూసి పంపడం ఎందుకంత ముఖ్యం? ఎముకని పుట్టించే ప్రోటీన్ల సంగతి 1965లో మార్షల్ యూరిస్ట్ బయటపెట్టారు. వాటిలో బీఎంపీ-2కి వెన్నెముక ఆపరేషన్లలో వాడటానికి అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. దాన్ని స్పాంజిలో నానబెట్టి పెద్ద మోతాదులో పెట్టేవారు. మెడ ఆపరేషన్లలో వాడినప్పుడు కొందరికి గొంతు వాచి ఊపిరాడక ఇబ్బంది అయ్యిందని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో హెచ్చరించింది. కావలసిన చోటికే, కావలసినంతే వెళ్ళాలి అనేది అప్పటినుంచి ఇంకా గట్టిగా వినిపిస్తున్న మాట.

ఒకే రకం పెప్టైడ్‌తో చూడటం, చికిత్స చేయడం మనుషుల్లో జరుగుతోంది కూడా. న్యూరోఎండోక్రైన్ కణితులు (హార్మోన్లు వదిలే కణాల్లో పుట్టే గడ్డలు) ఉన్నవాళ్ళకి, పెప్టైడ్‌కి గాలియం-68 అనే రేడియోధార్మిక పదార్థం తగిలించి స్కాన్ తీస్తారు, ల్యుటీషియం-177 అనే ఇంకోటి తగిలించి కణితిని కాలుస్తారు. ఎముక పెరుగుదల విషయంలో మాత్రం పని ఇంకా ఎక్కువగా ఎలుకల దగ్గరే ఉంది. ఎలుక కాలు సన్నం, రంగు వెలుగు బయటికి వచ్చేస్తుంది. మన తొడ కండ లోపలినుంచి రావడం కష్టం.

ఇంకోటి, మన జిల్లా వాళ్ళు తప్పక అడగాల్సింది. చిన్న పెప్టైడ్లు ఒంట్లోంచి బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారానే. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస... ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందికో చెప్పక్కర్లేదు. పైగా కిడ్నీ దెబ్బతింటే విటమిన్ డి సరిగ్గా పనిచేయదు, ఫాస్ఫేట్ పేరుకుంటుంది, ఎముక బలహీనమవుతుంది. అంటే ఈ ప్రోబ్ ఎక్కువ అవసరమయ్యే మనిషే దాన్ని తేలిగ్గా వదిలించుకోలేని మనిషి. ఇలాంటివి మనుషుల మీద పరీక్షించే రోజు వస్తే, ఆరోగ్యంగా ఉన్న కిడ్నీల మీద మాత్రమే చూసి సరిపెడితే ఉద్దానానికి ఆ లెక్కలు పనికిరావు.

ఈలోపు ఎవరికైనా ఎముక విరిగితే, మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు అడిగి వారాల తరబడి మింగకండి, వాటిలో చాలావరకు కిడ్నీని దెబ్బతీస్తాయి. రివ్యూకి వెళ్ళేటప్పుడు ఎక్స్‌రేతో పాటు కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు కూడా పట్టుకెళ్ళి డాక్టరు గారికి చూపించండి.