ఆ ‘ఇట్’కి మార్కు కోసేముందు

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న తోటి టీచర్లకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైం అందులోనే అయిపోతుంది, ఏమీ అనుకోకండి.

ఇంగ్లీషు రిలేటివ్ క్లాజుల్లో, అంటే హూ, విచ్ లాంటి మాటలతో ఒక మనిషినో వస్తువునో వివరించే వాక్యభాగాల్లో, క్రియకు కర్మ ఏదో ఎలా పట్టుకోవాలి, ఇదీ అంశం. ‘ద బుక్ విచ్ ఐ బాట్ ఇట్’ అని రాస్తారు మన పిల్లలు. మనం ‘ఇట్’ కొట్టేసి మార్కు కోస్తాం, ఎందుకు కోశామో చెప్పం. దేవరకొండ వైపు నుంచి వచ్చిన మా స్టూడెంటు ఒకమ్మాయి ఒక ఇంటర్వ్యూలో ఇలాగే అంటే, అక్కడున్నాయన పక్కాయన వైపు తిరిగి ‘తెలుగు మీడియం’ అని నవ్వాడట. ఆ తర్వాత చాలా రోజులు ఆ పిల్ల ఇంగ్లీషులో నోరు విప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు. ఏం తప్పు చేసిందండీ? ‘బాట్’కి కర్మ కావాలని తెలుసు, క్రియ వెనక చూస్తే ఖాళీగా ఉంది, తెచ్చి పెట్టింది. ఆ కర్మ ‘విచ్’ రూపంలో ముందే వచ్చి కూర్చుందని చెప్పాల్సింది మనం కదా!

మన భాషతోనే చెప్పొచ్చు. ‘నేను కొన్న పుస్తకం’ అంటాం గానీ ‘నేను దాన్ని కొన్న పుస్తకం’ అనం. అమ్రాబాద్ అడవిలో ‘పులిని చూసిన మనిషి’, ‘పులి చూసిన మనిషి’ అంటే మూడో తరగతి పిల్లకైనా తేడా తెలుస్తుంది, ఆ ‘ని’ చెప్పేస్తుంది. ఇంగ్లీషులో ‘ని’ లేదు, మాటల వరసే ఆధారం. ‘ద మ్యాన్ హూ సా ద టైగర్’లో హూ పక్కనే క్రియ ఉంది కాబట్టి హూ కర్త, పులి కర్మ. ‘ద మ్యాన్ హూమ్ ద టైగర్ సా’లో మధ్యకు పులి వచ్చింది, అదే కర్త. ఎవర్ని చూసింది? హూమ్‌ని, అంటే ఆ మనిషిని. మాట్లాడేటప్పుడు ఈ హూమ్‌ని కూడా మింగేస్తారు, ‘ద మ్యాన్ ద టైగర్ సా’ అంటారు, పిల్లలకు అక్కడే టెన్షన్. కర్తగా ఉన్న హూని మాత్రం అలా తీసేయడానికి లేదు.

మన నాగార్జునసాగర్‌నే తీసుకోండి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిన డ్యామ్. పిల్లలు ‘విచ్ నెహ్రూ లెయిడ్’ దగ్గర ఆగిపోతారు. నెహ్రూ వేసింది డ్యామ్‌ని కాదు, రాయిని. అందుకే ‘హూజ్ ఫౌండేషన్ స్టోన్ నెహ్రూ లెయిడ్’. కర్మ మొత్తం క్రియకు ముందే ఉంది చూడండి.

ఇంకా చెప్పాల్సింది ఉంది గానీ ఒక్కటి అడుగుతా. 2022-23లో మన తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు రెండు భాషల పుస్తకాలు ఇచ్చారు, తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కనే. ఇంగ్లీషు పేజీలో ఒక హూ, ఒక విచ్ దొరికితే క్రియను పట్టుకుని ‘దేన్ని? ఎవర్ని?’ అని అడిగించండి, పక్క పేజీలో ‘ని’ ఉంటే ఎక్కడుందో పిల్లల చేతే వేలు పెట్టించండి. అలా చేయించాకే ఆ ‘ఇట్’ కొట్టేయండి.