ముందు మనమే బోల్తా కొట్టించాలి

అందరికీ నమస్కారం. సొంత చేతులతో చిన్న తెరచాప పడవ చేసుకున్నవాళ్లు, చేసుకుంటున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. నెలల తరబడి చెక్కకి గరుకు కాగితం రుద్ది రుద్ది, తీరా నీళ్ల దగ్గరికి తెచ్చాక ఎవరికైనా వెంటనే తెరచాప ఎత్తాలనిపిస్తుంది. ఎత్తకండి. ముందు దాన్ని బోల్తా కొట్టించండి.

నవ్వుతున్నారు కదా? నేనూ నవ్వినవాణ్ణే. కొత్త రంగు పాడవుతుందని నా మొదటి పడవని ముంచలేదు. రెండో వారంలో గాలి ఒక్క విసురు విసిరింది, ఆ పని అదే చేసిపెట్టింది. అడుగున పొడుచుకొచ్చిన డాగర్‌బోర్డ్ మీద, అంటే పడవ పక్కకి జారకుండా మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక మీద, బరువేసి పడవని లేపాను. ఎక్కి కూర్చుని మగ్గుతో నీళ్లు తోడుతున్నాను. ఎంత తోడినా తగ్గవే! కాసేపటికి గానీ కనపడలేదు. డాగర్‌బోర్డ్ దించే పెట్టె పైఅంచు బయటి నీటిమట్టానికి రెండు వేళ్లు కిందుంది. నేనొక మగ్గు పారబోస్తే ఆ సందులోంచి ఇంకో మగ్గు లోపలికొస్తోంది. అంటే సరస్సునే తోడుతున్నానన్నమాట! చివరికి ఆ సందులో తువ్వాలు కుక్కాక పని జరిగింది.

చెక్క పడవ మునగదులే అనుకుంటాం. నిజమే, తేలుతుంది. కానీ లోపల 200 లీటర్ల నీళ్లుంటే అవి 200 కిలోలు, పడవ ఎటు ఒరిగితే అటే పరిగెడతాయి. అందుకే గాలి సంచులు కావాలి, అవీ రెండు పక్కలా గట్టిగా కట్టి ఉండాలి. 100 లీటర్ల సంచి పూర్తిగా మునిగితే దాదాపు 100 కిలోల బలంతో పైకి లాగుతుంది. నాసిరకం పట్టీ అయితే పుటుక్కున తెగుతుంది.

ఈ పరీక్షకి నడుము లోతు నీళ్లు చాలు. తెరచాప లేకుండా పక్కకి పడుకోబెట్టండి, అంతే. తలకిందులు చేశారా, తెరచాప కట్టే నిలువు కొయ్య కొస బురదలో దిగబడుతుంది. లేపి, లోపలి నీళ్లు తోడగలుగుతున్నారా లేదా చూసుకోండి. తోడలేకపోతే ఇంటికెళ్లి సంచులు పెంచండి, లేదా ఆ పెట్టె ఎత్తు పెంచండి.

ఇక తెరచాప. గాలి గంటకి 10 కిలోమీటర్లకి అటూఇటూగా ఉన్న రోజు, అదీ ఒడ్డు వైపు వీస్తుంటేనే బయల్దేరండి. తెరచాప తాడు చేతిలోనే ఉంచుకోండి, ఎక్కడా బిగించి కట్టొద్దు. పడవ వేగం అందుకున్నాక చుక్కాని పిడి ఒక్క క్షణం వదలండి. మెల్లగా గాలికి ఎదురు తిరిగితే మంచి పడవే, మీరు పడిపోయినా ఆగి మీకోసం చూస్తుంది. గాలి నుంచి దూరంగా తిరిగితే మాత్రం వెంటనే ఒడ్డుకి వచ్చేయండి. కొయ్యని కాస్త వెనక్కి వాల్చి మళ్లీ చూడండి. నా పడవకి పైకొస దగ్గర జానెడు వాలిస్తే సరిపోయింది, దానికోసం మూడు ఆదివారాలు పోయాయి లెండి.

సరే, నా పడవ బయట నీళ్లలో కట్టి ఉంది. తడవడానికి సిద్ధమైనవాళ్లు ఇద్దరు రండి, లైఫ్ జాకెట్లు ఒడ్డునే ఉన్నాయి.