జేబులో కార్డు, రిజిస్టరులో లెక్క

వ్యాఖ్యాత: నమస్కారం. కర్నూలు నుంచి మాట్లాడుతున్నాను. రవాణా శాఖ కార్యాలయంలో లైసెన్సుల విభాగం చూసి, ఇప్పుడు విశ్రాంత జీవితం గడుపుతున్న ఒక పెద్దాయన ఈ రోజు మనతో ఉన్నారు. పేరు చెప్పవద్దని కోరారు కాబట్టి చెప్పడం లేదు. సార్, మా చిన్నాన్న కొడుకు బెంగళూరులో డ్రైవరు ఉద్యోగానికి వెళ్తే, లైసెన్సు కార్డు ఒక్కటే చాలదు, డ్రైవింగ్ రికార్డు కూడా తెమ్మన్నారట. వాడు ఫోనులో చలానాలు ఏమీ లేవని చూపించి, అదే రికార్డు అనుకుని తిరిగి వచ్చేశాడు.

అతిథి: చాలామంది చేసే పొరపాటే అమ్మా అది. చలానా ఎక్కువగా బండి నంబరు మీద పడుతుంది. లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది. మీ బండి తీసుకుని మీ బావమరిది సి.క్యాంపు దగ్గర సిగ్నల్ దాటాడనుకోండి, చలానా మీ బండికి వస్తుంది కానీ ఆయన లైసెన్సు లెక్కలో ఏమీ కనిపించకపోవచ్చు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు అడిగింది రెండో లెక్క. దానికి మన దగ్గర వాడుకలో ఉన్న పేరు ‘డీఎల్ ఎక్స్‌ట్రాక్ట్’. మీ లైసెన్సు గురించి కార్యాలయం రికార్డులో ఏముందో దాని ప్రతి అన్నమాట.

వ్యాఖ్యాత: దానికి కార్యాలయం చుట్టూ తిరగాలా?

అతిథి: మొదటి అడుగు ఇంట్లోనే వేయవచ్చు. కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో లైసెన్సులు చూసే సారథి విభాగం తెరిచి, రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుని, లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ ఇస్తే మీ వివరాలు తెరపైకి వస్తాయి. ఆ తరువాత లైసెన్సు సేవల జాబితాలో ఎక్స్‌ట్రాక్ట్‌ను ఎంచుకుని రుసుము కట్టాలి. ఊరికే సరిచూసుకోవడానికైతే ఎంపరివాహన్ యాప్ గానీ డిజీలాకర్ గానీ చాలు. అయితే ఫోటోస్టాట్ తీసిన కార్డును ఎక్స్‌ట్రాక్ట్ అని చేతిలో పెట్టే మధ్యవర్తులు ఉంటారు, వాళ్లకు డబ్బు ఇవ్వకండి.

వ్యాఖ్యాత: కాగితం చేతికి వచ్చాక ముందుగా ఏం చూడాలి?

అతిథి: పేరు, పుట్టిన తేదీ అందరూ చూస్తారు. నేనైతే చూపును వాహన తరగతుల మీద, రెండు గడువు తేదీల మీద నిలపమంటాను. సొంత బండికి ఒక గడువు, రవాణా వాహనానికి వేరే గడువు ఉంటుంది. రవాణా లైసెన్సు సాధారణంగా ఐదేళ్లకే ముగుస్తుంది, కాబట్టి కార్డు మీద పెద్ద తేదీ చూసి ధైర్యంగా లారీ ఎక్కినవాడు చిక్కులో పడతాడు. తేలికపాటి వాహనం లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అది చాలామందికి ఊరటే, కానీ బరువైన బండికి ఆ మాట వర్తించదు.

వ్యాఖ్యాత: శిక్షలు కూడా అందులో ఉంటాయా?

అతిథి: కోర్టు గానీ లైసెన్సు అధికారి గానీ లైసెన్సు మీద నమోదు చేసినదాన్ని ఎండార్స్‌మెంట్ అంటారు. అది కార్డు మారినా పోదు, కొత్త లైసెన్సులోకి కూడా వస్తుంది. చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటి మోటారు వాహనాల చట్టం, 1988లోని 24వ సెక్షనులో ఉంది. చివరి ఎండార్స్‌మెంట్ తరువాత వరుసగా మూడేళ్లు మరొకటి పడకపోతే, పాత లైసెన్సు అప్పగించి, మచ్చలేని కొత్త లైసెన్సు అడిగే హక్కు మీకుంటుంది. అది కేవలం అతివేగానికి సంబంధించినదైతే ఒక్క ఏడాది చాలు. నా సర్వీసులో దాన్ని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇక అధికారి లైసెన్సునే రద్దు చేయదలచుకుంటే, 19వ సెక్షను ప్రకారం ముందుగా మీ వాదన వినాలి. ఉత్తర్వు అందిన 30 రోజులలోపు అప్పీలుకు వెళ్లవచ్చు.

వ్యాఖ్యాత: మన కర్నూలు వాళ్లు తుంగభద్ర దాటితే తెలంగాణ, ఆదోని నుంచి కాస్త దూరం వెళ్తే కర్ణాటక. అక్కడ పడ్డ చలానాలు ఇక్కడ కనిపిస్తాయా?

అతిథి: అన్నీ ఒకే చోట కనిపిస్తాయనుకోకండి. తెలంగాణ పోలీసులకు సొంత ఈ-చలానా వెబ్‌సైటు ఉంది, కాబట్టి హైదరాబాదుకు తరచుగా వెళ్లే బండి ఉంటే అక్కడ విడిగా చూడాలి. కేంద్ర ఈ-చలానా పోర్టల్‌లో బండి నంబరుతోనే కాక లైసెన్సు నంబరుతో కూడా వెతకవచ్చు. అద్దె బండి నడిపేవాళ్లు, యజమాని చూసి చెబుతాడని కూర్చోకుండా రెండో పద్ధతిలో వెతుక్కోవడం మంచిది.

వ్యాఖ్యాత: నంబరు కొట్టినా వివరాలే రాకపోతే?

అతిథి: చేతిరాత పుస్తకాల కాలంలో ఇచ్చిన లైసెన్సులు కొన్ని కంప్యూటరులోకి ఎక్కలేదు. అసలు లైసెన్సు, గుర్తింపు పత్రాలు తీసుకుని దాన్ని ఇచ్చిన కార్యాలయానికి వెళ్లి, బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత రికార్డును కంప్యూటరులోకి ఎక్కించడం, చేయించమని రాతపూర్వకంగా అడగాలి. 2022లో నంద్యాల వేరే జిల్లా అయింది కాబట్టి, అప్పటికే కర్నూలులో లైసెన్సు తీసుకున్న నంద్యాల వాళ్లు ఏ కార్యాలయం ఇచ్చిందో కార్డు మీద ముందుగా చూసుకోవాలి.

వ్యాఖ్యాత: మీరు మాట్లాడుతుండగానే నా నంబరు కొట్టి చూశాను సార్. గడువు తేదీ దగ్గర నా పుట్టినరోజే కనిపిస్తోంది. నాలుగు నెలల క్రితం నాకు యాభై నిండాయి.

అతిథి: మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణకు ముందు తీసుకున్న లైసెన్సు అయివుంటుంది. అప్పుడు ఇరవై ఏళ్లు లేదా యాభై ఏళ్ల వయసు, ఏది ముందు వస్తే అంతవరకే ఇచ్చేవారు. గడువు తీరి ఏడాది దాటలేదు కాబట్టి మళ్లీ పరీక్ష ఉండదు. నలభై దాటినవాళ్లకు ఫారం 1-ఏ వైద్య ధ్రువపత్రం కావాలి, అది పెట్టి రెన్యువల్ చేయించుకుంటే ఈసారి అరవై ఏళ్లు నిండే దాకా ఉంటుంది. బయట నిలిపిన స్కూటరు మీదేనా అమ్మా?

వ్యాఖ్యాత: నాదే సార్.

అతిథి: తాళాలు ఇవ్వండి, మా అబ్బాయి ఇంటి దగ్గర దించి వస్తాడు. మీరు ఆటోలో వెళ్లండి.