రాని సంచిక ఏ రిజిస్టర్‌లో ఉంటుంది?

నమస్కారం అండి. ఈ మార్చి నెల పత్రిక ఒకటి చదువుదామని మే నెలలో హైదరాబాద్‌లో మా దగ్గర్లోని చిన్న శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. ఫిబ్రవరి సంచిక ఉంది, ఏప్రిల్‌ది ఉంది, మార్చిది లేదు. లైబ్రేరియన్ సార్‌ని అడిగితే రిజిస్టర్ తీశారు. "రానట్టుంది బాబూ, చూసుకోలేదు" అన్నారు. ఏజెంట్‌కు ఫోన్ చేస్తే, మిగిలిన కాపీలు ఎప్పుడో తూకానికి వెళ్లిపోయాయట. పన్నెండు సంచికలకు చందా కట్టి, ఒకటి పోయిన సంగతి రెండు నెలల దాకా ఎవరికీ తెలియలేదు.

ఆయన మీద నాకు కోపం లేదు. తలుపు తీసేది, పేపర్లు సర్దేది, సభ్యత్వాలు రాసేది, లెక్కలు చూసేది అంతా ఆయనొక్కరే. తప్పు ఆ రిజిస్టర్‌లో ఉంది. వచ్చినవే అందులో రాస్తారు. రానిది ఎక్కడా రాయరు కదా, ఇక ఎలా కనపడుతుంది?

దీనికి గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు ఎప్పుడో దారి చూపించారు, మూడు కార్డుల పద్ధతి అని. అందులో ఒకటి చెక్ కార్డు. ఒక్కో పత్రికకు ఒక కార్డు. తర్వాతి సంచిక ఏ వారంలో రావాలో ఆ వారం పేరు రాసిన అట్ట వెనక ఆ కార్డు పెడతారు. సంచిక రాగానే కార్డును మళ్లీ రావాల్సిన వారానికి జరుపుతారు. వారం ముగిసేసరికి అక్కడ మిగిలిపోయిన కార్డులే రాని పత్రికలు. వెంటనే ఉత్తరం రాయాలి, ఎందుకంటే ఆలస్యమైతే కాపీలు మిగలవు.

కంప్యూటర్ ఉంటే ఇదే పని కోహా చేస్తుంది. 2000లో న్యూజిలాండ్‌లోని ఒక పబ్లిక్ లైబ్రరీలో మొదలైన సాఫ్ట్‌వేర్ అది, లైసెన్స్‌కు డబ్బు కట్టక్కర్లేదు. వారపత్రికా, నెలవారీయా అని ఒకసారి చెబితే, ముందున్న సంచికల తేదీలన్నీ అదే వేసుకుంటుంది. తేదీ దాటినవి ఆలస్యం జాబితాలో కనిపిస్తాయి. కానీ వచ్చిన సంచికను వచ్చిన రోజే ఎక్కించాలి. శనివారం కూర్చుని వారం పనంతా ఒకేసారి ఎక్కిస్తే ఆ జాబితాను నమ్మలేం.

ఇక డబ్బు సంగతి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంటుంది. కార్పొరేషన్ వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు ఇవ్వాలి. ఆ డబ్బు ఆలస్యమైతే చందాలు తెగిపోతాయి. ఒక్కో పత్రిక ఒక్కో నెలలో ముగుస్తుంటే టెన్షన్ ఇంకా ఎక్కువ. అందుకే చందాలన్నీ ఒకే నెలలో ముగిసేలా సర్దుకుని, రెండు నెలల ముందే రెన్యువల్ కాగితాలు కదిలించాలని నేను గట్టిగా అంటాను. ఏది ఆపాలో తేల్చే ముందు మాత్రం సాయంత్రం బల్ల మీద ఏవి నలిగి ఉన్నాయో కొన్ని వారాలు చూడండి. ఉర్దూ పత్రికల్నీ, పిల్లల పత్రికల్నీ చదివేవాళ్లు తక్కువని తీసేయొద్దు. ఈ ఊళ్లో వాటిని కొనుక్కోలేక లైబ్రరీకే వచ్చేవాళ్లు ఉన్నారు.

1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన మన అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయానికి పాత పత్రికల కోసం పరిశోధకులు వెళ్తుంటారు. ఒక్క సంచిక లేకపోతే వాళ్లు వెతికే వ్యాసం సరిగ్గా అందులోదే కావచ్చు. ఇప్పుడు మనం పోగొట్టుకున్నది రేపు బైండింగ్‌లో కూడా ఉండదు.

మా సార్‌తో కూర్చుని ఒక చెప్పుల డబ్బాలో కార్డులు పెట్టాం. జూన్‌లో ఒక కార్డు కదలలేదు. ఆ సోమవారమే ఏజెంట్‌కు ఫోన్ చేశారు, వారంలో సంచిక వచ్చింది. మార్చి సంచిక కోసం మాత్రం ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య ఇంకా వెతుకుతున్నాం.