వెల్డ్ చేసిందెవరు?

(హైదరాబాద్‌లోని ఒక ఇంజినీరింగ్ కళాశాల ఆటోమొబైల్ క్లబ్ సభలో విశ్రాంత వెల్డింగ్ ఇన్‌స్ట్రక్టర్ చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, మెకానికల్ విభాగం మేడమ్ గారికి, బాలానగర్ దాకా బండి పంపి నన్ను పిలిపించిన క్లబ్ పిల్లలకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. కానీ ఇది పాలిస్టర్. ఇలాంటివి ఒంటి మీద వేసుకుని వర్క్‌షాపులోకి రాకండి. ఒక్క రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. కాటన్ వేసుకోవాలి. ఆ ముందు వరసలో బాబు టీషర్టు కూడా అదే సరుకులా ఉంది.

మార్పులు చేసిన కార్లు, చట్టం గురించి మాట్లాడమన్నారు. చట్టం ముక్క త్వరగా అయిపోతుంది. 1988 మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షన్. కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్నవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అన్నారు. కాబట్టి టాప్ కోసేసి జీపు చేద్దాం, చాసిస్ పొడుగు చేద్దాం అనే ఆలోచన ఉన్నవాళ్లు ఇక్కడే దింపేసుకోండి. ఆమోదం ఉన్న సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లు పెట్టుకోవచ్చు. అనుమతితో ఇంజిన్ మార్చుకోవచ్చు. దివ్యాంగుల కోసం బండిని మార్పించుకోవచ్చు. చేసిన మార్పు ఆర్‌సీలో ఎక్కాలి.

నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. ఈ కాగితాలన్నీ బండి గురించి, కిట్టు గురించి, యజమాని గురించి అడుగుతాయి. వెల్డ్ చేసిందెవరని మాత్రం అడగవు. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు, అంటే నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష, చేయించాలి, ఆ తేదీ సిలిండర్ మీదే పంచ్ చేసి ఉంటుంది. మంచిదే. దాన్ని పట్టుకుని ఉన్న స్టాండును అతికింది ఎవరు? వెల్డింగ్ రాడ్డు ఏది వాడాడు? ఎవరికీ తెలియదు.

ఒక సంగతి చెప్తాను. మా విద్యార్థులు దీన్ని వినీ వినీ విసిగిపోయారు, మీరు కొత్తవాళ్లు కదా, వినండి. మెహిదీపట్నంలో ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నారు. పోలియో వల్ల ఆయనకు కాళ్లు పనిచేయవు. చేత్తో నడిపేలా కారు మార్పించుకున్నారు. అనుమతి ఉంది, ఆర్‌సీలో నమోదు ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. ఒకరోజు సిగ్నల్ దగ్గర బ్రేకు లివరు నొక్కితే అది ఊరికే చేతికి వచ్చేసింది. పెడల్‌కు అతికిన పట్టీ ఊడిపోయింది. హ్యాండ్‌బ్రేకు లాగి, డివైడర్‌కు రాసుకుంటూ ఆపుకున్నారు. చిన్న గీతలతో పోయింది.

ఆ పట్టీ నా దగ్గరకు తెచ్చారు. పైకి బీడ్, అంటే వెల్డ్ గీత, చూస్తే ఫొటో తీసుకునేలా ఉంది. కింద చూస్తే పెయింటు అలాగే ఉంది. గ్రైండర్ పెట్టి గీకనే లేదు. పెనిట్రేషన్, అంటే వెల్డ్ లోపలి లోహంలోకి దిగడం, అసలు లేదు, దోసె మీద వెన్నముద్దలా పైన కూర్చుంది అంతే. అడుగుతూ అడుగుతూ చివరికి ఆ వెల్డర్‌ను పట్టుకున్నాను. ఒక షెడ్డులో గేట్లు, గ్రిల్స్ చేసే కుర్రాడు. ‘ఇది కారు బ్రేకుకని నీకు తెలుసా నాయనా’ అన్నాను. ‘తెల్వదు సార్. పట్టీ ఇచ్చి అతకమన్నరు’ అన్నాడు. కిట్టు బిగించిన షాపు కాగితం మీద వాళ్ల ముద్ర ఉంది, తనిఖీ చేసినవారి సంతకం ఉంది. ఈ కుర్రాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. తప్పు ఎవరిదో మీరే చెప్పండి. కుర్రాడిదంటే నేను ఒప్పుకోను. అది బ్రేకు అని తెలిసుంటే వాడు గీకి, శుభ్రం చేసి అతికేవాడు. గేట్లు చేసినా చెయ్యి మంచిదే, బీడ్ చూశాను కదా!

బాయిలర్లు, ప్రెషర్ వెసెల్స్, అంటే లోపలి ఒత్తిడిని తట్టుకునే ట్యాంకులు, చేసే చోట ఇలా జరగదు. అక్కడ ప్రతి వెల్డర్‌కూ ఒక నంబరు ఉంటుంది. ఏ జాయింట్ ఎవరు చేశారో రికార్డులో ఉంటుంది. ఒక పద్ధతిలో ఆరు నెలలు వెల్డింగ్ చేయకపోతే ఆ అర్హత పోతుంది, మళ్లీ పరీక్ష రాయాలి, అంటే చేసి చూపించాలి. అంత దూరం ఎందుకు, కాలేజీ పిల్లలు సొంతంగా బండి తయారుచేసి తెచ్చే మీ బాహా పోటీనే చూడండి. రోల్ కేజ్, అంటే బండి పల్టీ కొడితే డ్రైవర్‌ను కాపాడే పైపుల చట్రం, వెల్డ్ చేసినవాళ్లు నమూనా ముక్కలు ఇవ్వాలి. ఒకటి విరిచి చూస్తారు, ఇంకొకటి కోసి లోపల చూస్తారు. రోడ్డు ఎక్కని బండికి ఇంత అడుగుతున్నారు! మరి రేపు ఔటర్ రింగ్ రోడ్డు మీద వందలో పోయే బండికి?

అసలు వెల్డే పెట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి, అది చెప్పడం మరిచిపోతానేమో. ఈ కాలం కార్లలో ముందు తలుపుకూ వెనక తలుపుకూ మధ్య ఉండే బీ పిల్లర్‌కు చాలా బండ్లలో బోరాన్ స్టీలు వాడతారు. ఎర్రగా కాల్చి, అచ్చులో నొక్కి, వెంటనే చల్లార్చి చేస్తారు. బలం దాదాపు 1500 మెగాపాస్కల్స్. దాని మీద వెల్డింగ్ ఆర్క్ పెడితే చుట్టుపక్కల ఆ బలం పోతుంది. పైకి ఏమీ తెలియదు. పుట్టీ కొట్టి, రంగు వేస్తే కొత్త బండే. పక్కనుంచి గుద్దితే అప్పుడు తెలుస్తుంది. స్టీరింగ్ రాడ్లకు వెల్డ్ పెట్టమని ఎవరైనా వస్తే పని వదులుకోండి, కొత్త పార్టు కొనుక్కోమనండి.

మేడమ్ గారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. ఇక్కడ రవాణా శాఖవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేరా? ఉంటే ఒక్కటి అడిగేవాణ్ని. దివ్యాంగుల బండికి, గ్యాస్ కిట్టు బండికి ఇచ్చే కాగితంలో ఇంకొక్క గడి పెట్టండి. వెల్డర్ పేరు, అతని పరీక్ష నంబరు. దానికి పెద్ద ఖర్చేమీ అవ్వదు. ఐటీఐ నుంచి బయటికొచ్చిన పిల్లాడికి తన పేరు ఒక ప్రభుత్వ కాగితం మీద ఉందంటే చెయ్యి దానంతటదే జాగ్రత్తపడుతుంది. వాడికి రోజుకు నాలుగు వందలు ఎక్కువ అడిగే ధైర్యం కూడా వస్తుంది. అది నాకు ముఖ్యం.

టీ తాగాక వర్క్‌షాపుకు రండి. నిన్న మీరు వెల్డ్ చేసిన ప్లేట్లు ప్రెస్‌లో యూ ఆకారంలో వంచుదాం. వంపు మీద 3 మిల్లీమీటర్లు దాటి పగులు కనిపిస్తే ఫెయిలే. మార్కర్‌తో రాసిన పేర్లు కుదరవు, మీ నంబరు పంచ్ కొట్టి తీసుకురండి. నంబరు లేని ముక్కను నేను ముట్టను.